నెట్టేది ఎటునుంచి

భోజనాల బల్ల మీద కంచె ముక్కలు నాలుగు పడున్నాయి. వారం నుంచీ అక్కడే ఉన్నాయి. మేం ముగ్గురం వాటిని పక్కకి జరిపి కంచాలు పెట్టుకుంటున్నాం, తిన్నాక మళ్ళీ మధ్యలోకి లాగుతున్నాం.

ఒకటి ముళ్ళ తీగ, జానెడు ముక్క. రెండోదీ మూడోదీ చైన్ లింక్ జాలీ, ఒకటి సన్నది, ఒకటి లావుది. నాలుగోది సిమెంటు పలక పెచ్చు, నమూనాకని దుకాణంవాడు విరగ్గొట్టి ఇచ్చాడు. మా ఆయన ఉద్యోగానికి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి వాటిని చేతిలో పట్టుకుని తిప్పి చూస్తాడు.

"పన్నెండు గేజు తీసుకుందామా? పదికన్నా గట్టిగా ఉంటుంది కదా."

"అంకె పెరిగితే తీగ సన్నబడుతుంది. దుకాణంవాడు చెప్పాడుగా."

"ఇదెక్కడి తిరకాసు?" అని మళ్ళీ మొదటినుంచీ చూస్తాడు. ఈ మాట ఆయనకి నాలుగుసార్లు చెప్పాను. తలకెక్కదు. వినకపోవడం మా ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.

మా పెద్దది పోయి ఐదు నెలలైంది. ఇంటి వెనక వంద గజాల దూరంలో పాత రాళ్ళ క్వారీ ఉంది. తవ్వడం ఆపేశాక నీళ్ళు నిండిపోయాయి. తొమ్మిదేళ్ళ పిల్ల, బంతి కోసం దిగింది. అంతే. ఇంతకన్నా చెప్పడానికి నాకు మాటలు లేవు. ఏడుపు మొదటి వారంలోనే అయిపోయింది. ఆ తర్వాత లోపలంతా మొద్దుబారింది. పళ్ళ డాక్టరు సూది వేశాక దవడ ఉంటుంది చూడండి, కొరుక్కున్నా తెలియదు, అలా.

చిన్నదానికి ఆరేళ్ళు. పై వరసలో ముందు పళ్ళు రెండూ ఊడి మూడు నెలలవుతోంది. 'స' పలకదు, 'థ' అంటుంది. సబ్బుని థబ్బు అంటుంది, సంచిని థంచి అంటుంది. పెద్దదే ఉంటే దాన్ని ఎంత ఏడిపించేదో!

కంచె చిన్నదాని కోసమే. నెల రోజులుగా రోజూ సాయంత్రం వీధి దీపాలు వెలిగే వేళకి చెప్పులేసుకుని, పెరటి తలుపు తీసుకుని క్వారీ వైపు నడిచిపోతోంది. నేను చూసుకుంటే దారిలో పట్టుకుంటాను. చూసుకోకపోతే పావుగంటకి తనే తిరిగొస్తుంది, కాళ్ళకి రాతి దుమ్ముతో.

"ఎక్కడికి పోతున్నావే?"

"అక్కని..."

"చాలు. నోర్మూయ్."

అక్క అన్న మాట ఇంట్లో ఎవరూ అనకూడదని నేనే గీత గీశాను. మా ఆయన మంచివాడు, ఎందుకని అడగలేదు. చిన్నది మాత్రం రోజూ "అక్కని..." అని మొదలుపెట్టేది. నేను రోజూ అక్కడే నరికేసేదాన్ని. అక్క పిలుస్తోందని చెప్పబోతోందని నాకు తెలుసు. తెలుసనుకున్నాను.

కంచె కట్టడానికి మొదట ఒకతను వచ్చాడు. ఫోనుతో నాలుగు ఫోటోలు తీసుకుని, సాయంత్రానికల్లా చెప్తానని వెళ్ళాడు, మళ్ళీ కనబడలేదు. రెండో ఆయన ఎనిమిదడుగుల సిమెంటు పలకలు నిలబెడదామన్నాడు. "పిల్లి కూడా అవతల ఏముందో చూడలేదు మేడమ్" అన్నాడు గొప్పగా. నాకు కనబడాలి. అటువైపు ఏం జరుగుతోందో కనబడకపోతే నేను బతకలేను. ఒకసారి కనబడలేదు, చాలు.

మూడో మనిషిని అందరూ తీగల మేస్త్రీ అంటారు. అరవై దాటినవాడు. అరచేతుల నిండా తెల్లటి గీతలు.

"జాతకం చూడబోకండి అమ్మా, ఇవి బ్రహ్మ రాసినవి కావు, ముళ్ళ తీగ రాసింది" అన్నాడు నేను చూస్తుంటే.

ఆయన ఫోను తియ్యలేదు. పెరడు చుట్టూ నడిచాడు. గునపంతో నేల పొడిచి చూశాడు. ఒక మూల మేకు కొట్టి తాడు లాగాడు. బల్ల మీది ముక్కలన్నీ చూసి, లావు జాలీ ఒక్కటీ తీసి పక్కన పెట్టి మిగతావి మా ఆయన చేతిలో పెట్టాడు. "ఇవి పారెయ్యండి సార్, తిండి తినే చోట ఏంటివి?" వారం రోజుల తర్జనభర్జన ఒక్క నిమిషంలో తేలిపోయింది.

వెళ్ళేముందు క్వారీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఒక్కటి చెప్పండమ్మా. నెట్టేది ఎటునుంచి?"

"అంటే?"

"కంచెని ఎవరో ఒకరు నెడతారు కదా. పశువో, మనిషో, గాలో. నెట్టేవాళ్ళున్న వైపే జాలీ కట్టాలి. అప్పుడు నెట్టినకొద్దీ పోయి స్తంభానికి ఒత్తుకుంటుంది, ఎంత నెట్టినా నిలుస్తుంది. అవతలివైపు కట్టామనుకోండి, నెట్టినకొద్దీ కట్లు ఊడి చేతికొస్తాయి. చాలామంది అడగరు, కట్టేసి పోతారు. నేను అడక్కుండా గుంత తియ్యను."

"లోపలినుంచే" అన్నాను. "లోపలివాళ్ళు బయటికి పోకూడదు."

"ఏం, సార్ పారిపోతున్నారా?"

మా ఆయన నవ్వాడు. నవ్వి, నా వైపు చూసి ఆపేశాడు.

"చిన్నపిల్ల ఉంది. అటు నీళ్ళున్నాయి" అన్నాను.

మేస్త్రీ ముఖం మారింది. సంగతి ఊళ్ళో వినే ఉంటాడు. "సరేనమ్మా. జాలీ లోపలివైపు కడతాను. పైన ముళ్ళ తీగ కూడా లోపలికే వంచుతాను. ఇక లోపలున్నది పిట్టయినా సరే, నన్నడక్కుండా బయటికి పోదు."

నాలుగు రోజులు పని జరిగింది. చిన్నది మెట్టు మీద కూర్చుని చూసేది. నేను వంటింటి కిటికీ దగ్గర గిన్నెలు తోముతూ చూసేదాన్ని. ఒకసారి అది లేచి వెళ్ళి జాలీ కంతలో వేళ్ళు పెట్టి ఏదో అడిగింది. మేస్త్రీ నవ్వి, "దీంట్లోంచా? చెయ్యి కూడా పట్టదు తల్లీ" అన్నాడు. అది చాలాసేపు అక్కడే నిలబడింది. ఏమడిగిందని నేను కనుక్కోలేదు.

వెనకవైపు చిన్న గేటు వద్దన్నాను. మేస్త్రీ ఒప్పుకోలేదు. "దారి లేని కంచె నేను కట్టనమ్మా. ఎప్పుడో ఏదో అవసరం పడుతుంది." గడియ మాత్రం నా మెడ ఎత్తులో పెట్టాడు, పిల్లకి అందకుండా.

ఐదో రోజు సాయంత్రం వీధి దీపాలు వెలిగాయి. చిన్నది చెప్పులేసుకోలేదు. మంచం మీద కూర్చుని తలుపు వైపు చూస్తోంది. హమ్మయ్య అనుకోవాలి నేను. అనుకున్నాను కూడా, పైకి. లోపల ఏమీ కదల్లేదు.

అప్పుడు పెరట్లో జాలీ మోగింది.

గట్టిగా కాదు. ఎవరో వేళ్ళతో తడుముతూ నడుస్తున్నట్టు, ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా... ఆగి, మళ్ళీ వెనక్కి. గాలి లేదు. తాడు మీది బట్టలు కదలడం లేదు. కిటికీలోంచి పెరడంతా కనబడుతోంది. ఎవరూ లేరు.

పొద్దున వెళ్ళి చూశాను. గేటు పక్కన రెండు స్తంభాల మధ్య జాలీ బయటికి ఉబ్బి ఉంది. నా ఛాతీ ఎత్తులో. మేస్త్రీకి ఫోను చేశాను.

"లోపల్నుంచే ఉబ్బిందా? మరి లోపల గేదెల్ని కడుతున్నారా ఏంటమ్మా?" అని నవ్వాడు. "కంగారు పడకండి. నేను కట్టిన వైపు సరైనదే. ఊడదు."

ఊడలేదు. రెండో సాయంత్రం ఇంకో చోట ఉబ్బింది. మూడో సాయంత్రం జాలీ మోగలేదు. దానికి బదులు ఇంట్లోకి వాసన వచ్చింది.

రాతి పొడీ పాచీ కలిసిన నీళ్ళ వాసన. ఆ రోజు పిల్లని ఒళ్ళో పెట్టుకున్నప్పుడు నా బట్టలకి అంటింది. ఎన్నిసార్లు ఉతికినా పోకపోతే ఆ బట్టలు పారేశాను. ఇప్పుడు అదే వాసన పెరటి తలుపు దగ్గర, తర్వాత వంటింట్లో, తర్వాత పిల్లలు పడుకునే గదిలో. చిన్నది మంచం అంచున పడుకుని ఉంది, పడిపోయేలా. సగానికి పైగా మంచం ఖాళీగా వదిలింది. తల కింద దిండు తడిగా ఉంది.

"జ్వరం వచ్చిందా?" నుదురు ముట్టుకున్నాను. వెచ్చగానే ఉంది. "మధ్యకి జరుగు, పడతావు."

"చోటు లేదమ్మా" అంది గుసగుసగా.

"ఎందుకు లేదు?"

"అక్కని..."

'చాలు' అన్న మాట నోటిదాకా వచ్చింది. ఎందుకో ఆ రోజు అనలేదు. అలసిపోయాను, అంతే.

"అక్కని?" అన్నాను.

"అక్కని రోజూ దిగబెట్టేథి వచ్చేదాన్ని. ఇప్పుడు గేటు వేథేథావు కదా. అందుకని ఇక్కడే ఉంది."

మన భాషలో అసలు సంగతి ఎప్పుడూ చివర్లో వస్తుంది. వెళ్ళానో, వచ్చానో, ఉన్నానో, పోయానో, అన్నీ చివరే. నెల రోజులుగా దాని మాటని నేను ఒక్కసారీ చివరిదాకా పోనివ్వలేదు. అక్క పిలుస్తోంది, ఇది పోతోంది అనుకున్నాను. కాదు. అక్క రోజూ వస్తోంది. ఇది వెనక్కి తీసుకెళ్ళి దిగబెడుతోంది. ఎవరూ చెప్పకుండానే, ఆరేళ్ళ పిల్ల, మా ఇంటి కంచె తనే అయి నిలబడింది. నేను దాన్ని కాపాడాలని ఊళ్ళో అందరికన్నా మంచి మేస్త్రీని పిలిచి, లావు జాలీ ఏరి, లోపలివాళ్ళు బయటికి పోకుండా గట్టిగా కట్టించాను.

"ఎందుకు దిగబెట్టాలి? తనే వెళ్ళలేదా?" అన్నాను.

"చీకట్లో అక్కకి భయం. నీకు తెలుథుగా."

నాకు తెలుసు. బాత్రూముకి వెళ్ళాలన్నా చెల్లెల్ని తోడు తీసుకెళ్ళేది.

"ఇప్పుడు... ఏమంటోంది?"

చిన్నది కళ్ళు మూసుకుంది. "కొంచెం జరుగు అంటోంది. మొన్న కూడా కొంచెం జరుగు అంది. నిన్న కూడా. నేను జరుగుతూనే ఉన్నా. ఇంక జరగడానికి చోటు లేదమ్మా."

ఆ రాత్రి దాన్ని నా పక్కలో వేసుకున్నాను. వాసన నా గదిలోకీ వచ్చింది.

మర్నాడు మా ఆయనకి సాయంత్రం డ్యూటీ. ఆయనకేం చెప్పలేదు. చెప్తే ఏమంటాడు, డాక్టరు దగ్గరికి వెళ్దాం అంటాడు. నాకు డాక్టరు అక్కర్లేదు. ఒక్క పని చెయ్యాలి, పెద్దదాన్ని దిగబెట్టి రావాలి. అది నా పని. ఇన్నాళ్ళూ ఆరేళ్ళ పిల్ల చేసింది, సిగ్గుచేటు.

టీవీ పెట్టి, చిన్నదాన్ని సోఫాలో కూర్చోబెట్టి దుప్పటి కప్పాను.

"నేను వచ్చేదాకా కదలకు. అక్కని నేను దిగబెట్టి వస్తాను."

"నిద్రొథ్తోందమ్మా" అంది. కళ్ళు వాలిపోతున్నాయి.

"పడుకో."

వీధి దీపాలు వెలిగాయి. వంటింటి గట్టు దగ్గర వాసన చిక్కగా ఉంది. అక్కడ నిలబడి, ఖాళీలోకి చెయ్యి చాచాను. "రా తల్లీ. దిగబెడతాను."

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత నా చేతిలోకి ఒక చెయ్యి వచ్చింది.

కిందికి చూడలేదు. చూస్తే వదల్లేనని తెలుసు. పెరటి తలుపు తీశాను. గేటు గడియ తీశాను. దారి పొడుగునా కంకర, కాలికింద కరకరమంటోంది. నా అడుగులే. పక్కన అడుగుల చప్పుడు లేదు. ఆకాశం ఇంకా బూడిద రంగులో ఉంది.

ఆ చెయ్యి చల్లగా ఉంటుందనుకున్నాను. వెచ్చగా ఉంది. పెద్దదాని చేతికన్నా చిన్నగా ఉంది. ముందుకి రావడం లేదు, వెనక్కి గుంజుతోంది. వెళ్ళనని మారాం చేస్తోంది అనుకున్నాను. ఇవన్నీ నాకు తెలుస్తూనే ఉన్నాయి... తెలిసినవి తెలిసినట్టే లోపల ఒక పక్కన పడున్నాయి. మొద్దుబారిన దవడ.

నీళ్ళ అంచున ఆగాను. నల్లగా, కదలకుండా ఉన్నాయి.

"వెళ్ళు తల్లీ. పొద్దుపోతోంది."

చెయ్యి నా వేళ్ళని గట్టిగా పట్టుకుంది. రెండు చేతులతో పట్టుకుంది. నేనే విడిపించాను. ఒక్కొక్క వేలూ... ఒక్కొక్క వేలూ...

నీళ్ళ మీద చప్పుడు కాలేదు. ఒక చిన్న అల గుండ్రంగా వచ్చి నా కాళ్ళ దగ్గరి రాయికి తగిలి ఆగిపోయింది.

వెనక్కి వచ్చి గేటు గడియ వేశాను. చెంపలు తడిగా ఉన్నాయి. ఐదు నెలల తర్వాత ఏడ్చాను. పని పూర్తయిందనుకున్నాను.

ఇంట్లో టీవీ ఆపేసి ఉంది. చిన్నది సోఫాలో నిటారుగా కూర్చుని ఉంది. దుప్పటి తడిసి నేలమీదికి కారుతోంది.

"దిగబెట్టేసి వచ్చావా అమ్మా?" అంది.

'స' స్పష్టంగా పలికింది.

గౌను చిన్నదాని గౌనే. మోకాలి మీద గీరుకున్న మచ్చ చిన్నదాని మచ్చే. ముఖం కూడా దానిదే. నవ్వింది. ఇందాకటిదాకా ఖాళీగా ఉన్న చోట, పై వరసలో, పెద్ద పళ్ళు రెండూ నిండుగా ఉన్నాయి.

తలుపు వైపు పరిగెత్తబోయాను. అది నా చెయ్యి పట్టుకుంది. మంచుగడ్డలా ఉంది. "ఎక్కడికి? చీకటి పడిపోయింది. నాకు భయం" అంది. పెద్దది అలాగే అనేది, అదే సాగదీత.

చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నాకు సంతోషమేసింది. ఆ క్షణంలో నేను కదల్లేదు. తర్వాత కదిలి ప్రయోజనం లేదని కాళ్ళకి తెలిసిపోయింది.

రాత్రి మా ఆయన వచ్చి పిల్ల నోరు చూసి మురిసిపోయాడు. "ఓహో, పళ్ళొచ్చేశాయే మా బంగారానికి!" అన్నాడు. పాల పళ్ళు ఊడితే పళ్ళు రావా అని ఆయన ధీమా. ఒక్క పూటలో రెండూ పూర్తిగా ఎలా వచ్చాయని ఆయనకి తోచలేదు. నేను చెప్పలేదు.

పొద్దున్నే కంచె చూశాను. మేస్త్రీని రమ్మన్నాను.

ఆయన వచ్చి గేటు పక్కన గొంతుకూర్చున్నాడు. అక్కడ కట్లు ఐదు తెగిపోయి ఉన్నాయి. జాలీ స్తంభాన్ని వదిలేసి లోపలికి ఉబ్బి ఉంది. ఇదివరకటి ఉబ్బులకన్నా బాగా కింద, నా నడుము ఎత్తులో. ఆయన నవ్వలేదు.

"ఇది లోపల్నుంచి కాదమ్మా. బయటినుంచి నెట్టారు." తెగిన తీగ ముక్క వేళ్ళ మధ్య తిప్పాడు. "మీరు లోపలివాళ్ళ కోసం అన్నారు. ఈ కట్టు బయటి ఒత్తిడికి ఆగదు. ఇంకో రెండు పూటలు నెడితే ఊడొచ్చేస్తుంది."

మెట్టు మీద పిల్ల వచ్చి నిలబడింది, చేతిలో పాలగ్లాసుతో.

"అయితే విప్పేసి బయటివైపు కట్టెయ్ తాతా" అంది. "గట్టిగా కట్టేసెయ్."

"అబ్బో, మా చిన్న మేస్త్రీకి పని తెలిసిపోయిందే" అని ఆయన లేచాడు. కటింగ్ ప్లయరు తీశాడు. "చెప్పండమ్మా. బయటివైపు కట్టమంటారా, లేకపోతే ఇలాగే ఉంచమంటారా? ఒకటే వైపు కట్టగలను."

ఇద్దరూ నా పిల్లలే. ఎటు కట్టమన్నా ఒకదాన్ని బయట పెట్టాలి.

జాలీ మోగింది. మేం ముగ్గురం లోపలే ఉన్నాం, ఎవరమూ ముట్టుకోలేదు. ఉబ్బిన చోట తీగ ఇంకొంచెం లోపలికి వంగింది... మెల్లగా, ఎవరో నుదురు ఆనించినట్టు.

"అమ్మా... వచ్చేథాను."

మేస్త్రీ చెయ్యి ఆగింది. ఆయన నా వైపు చూశాడు. పిల్ల నా వైపు చూసింది. నేను నోరు తెరిచాను.

"చిన్నదాన్ని..." అన్నాను.

మేస్త్రీ ప్లయరు పట్టుకుని, మిగతా మాట కోసం నిలబడి ఉన్నాడు.